ట్యాంకర్ లైన్లో రెండో భాగం

పొద్దున మా అపార్ట్‌మెంట్‌కి నీళ్ల ట్యాంకర్ వచ్చింది. డ్రైవరు పైపుని సంపులో పడేసి ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. కిందికి ఎవరూ దిగలేదు.

ఎనభైల్లో దిల్‌సుఖ్‌నగర్ వెనక కొత్త కాలనీల్లో పెరిగినవాళ్లూ, మీకు గుర్తుందా, ట్యాంకర్ కోసం బిందెలు వరసగా పెట్టి గంటలకొద్దీ కూర్చునేవాళ్లం? మా లైన్లో నేను బకెట్ బోర్లించుకుని కూర్చుని, మూసారాంబాగ్‌లో కిరాయికి తెచ్చిన జానపద నవల పైకి చదివేదాన్ని. మొదటి భాగం అందరికీ నచ్చింది. రెండో భాగంలో యువరాజు మాంత్రికుడి కూతుర్ని నమ్మి పాతాళంలోకి దిగేసరికి గొడవ మొదలైంది.

"మొదటి భాగంలో ఎంత తెలివైనవాడండీ! ఇందులో మరీ వెర్రివాణ్ణి చేసేశారు. ఆ రాసినాయనకి ఏమైందో!" అన్నారు గుంటూరు పిన్నిగారు.

"ఏం ఎర్రి? మనసు పడ్డడు, పోయిండు," అంది నల్లగొండ నుంచి వచ్చిన యాదమ్మత్త. "ఇంతకు బతుకుతడా లేదా, గది చెప్పు బిడ్డా."

అంతలో ట్యాంకర్ హారన్ వినిపించింది. పుస్తకం మూసేశాను.

ఆ వారమే ఇంటింటికీ నల్లాలు వచ్చాయి. అమ్మ కొబ్బరికాయ కొట్టింది. చివరి అధ్యాయం నేనొక్కదాన్నే చదువుకున్నాను. యువరాజు బతికాడు. చెబుదామంటే వాళ్ల ఇళ్లెక్కడో నాకు తెలియదు. వాళ్లు నాకు లైన్లోనే తెలుసు.

రెండ్రోజుల తర్వాత, ఇంట్లో నల్లాలో నీళ్లు వస్తుండగానే, ఖాళీ బకెట్ పట్టుకుని ట్యాంకర్ ఆగే మలుపు దాకా వెళ్లాను. ఎండిన బురదలో బిందెల గుండ్రటి అచ్చులు ఇంకా వరసగానే ఉన్నాయి. నా చోట్లో బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను.