కాణిపాకం పోయి వచ్చిన బ్యాటరీ డబ్బా

మా అమ్మాయి శైలజ తన కరెంటు స్కేట్‌బోర్డు అమ్మేస్తానంది. తిరుచానూరులో మా ఇంటి నుంచి ఆఫీసుకు పోవడానికి చార్జింగ్ సరిపోతుంది, రావడానికి చాలదు. ఆఫీసులో ప్లగ్గు పెట్టనివ్వరు. సోమవారం కొనేవాడు వస్తాడట. ఇష్టపడి కొనుక్కున్నదాన్ని ఒక ప్లగ్గు కోసం వదులుకోవడమేమిటని నేను పోట్లాడాను. బీఎస్సీలో చదివిన ఫిజిక్సు ఊరికే పోకూడదని, బ్యాటరీలు బాగుచేసే మస్తాన్ భాయ్ అంగట్లో నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. పాత ల్యాప్‌టాప్ సెల్లులు ఒక్కొక్కటే పరీక్షించి నేను ఏరితే, ఆయన రేకుపట్టీలతో అతికించాడు. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో ఇంకో బ్యాటరీ తయారైంది. చిత్తూరు నుంచి కాణిపాకం పోయి, మళ్లీ చార్జింగ్ పెట్టకుండా తిరిగొస్తే బోర్డు ఉంచుకుంటానని అమ్మాయి ఒప్పుకుంది.

ఆదివారం ఆరుంబావుకు తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కాం. ఒళ్లో డబ్బాకు లగేజీ టిక్కెట్టు కొట్టాలన్నాడు కండక్టరు. టిఫిన్ డబ్బాకు ఎప్పటి నుంచి కొడుతున్నారని అడిగితే, అందులో టిఫిన్ ఉందా అన్నాడు. చంద్రగిరి దాటేదాకా వాదించుకుని, చివరికి బోర్డుకు మాత్రం కొట్టించుకున్నాను. పక్కసీట్లో కనకాంబరాల బుట్టతో కూర్చున్నావిడ, కాణిపాకానికి నేరుగా బస్సుంటే చిత్తూర్లో ఎందుకు దిగుతారంది. సంగతి చెప్పాను.

"దేవుడి కాడికి మొక్కుకోను పోతారు గానీ, పరీక్ష పెట్టను పోతారామ్మా" అంది.

ఎనిమిదింటికి చిత్తూరు. బస్టాండు ఎదురుగా ఇడ్లీ బాగుంటుంది, చట్నీ మాత్రం రెండోసారి అడగాలి. రానూపోనూ ఆటో మాట్లాడుకున్నాను. నడిపేవాడి పేరు బాషా. అమ్మాయి డబ్బాను బోర్డుకు తగిలించి, హెల్మెట్ పెట్టుకుని రోడ్డు అంచున బోర్డెక్కింది, మేం వెనక. దారంతా మామిడి తోటలు, మధ్యలో చెరుకు. నేను చూసింది మాత్రం డబ్బానే.

"పాప నా ఆటో కన్నా నున్నంగా పోతాండాదక్కా" అన్నాడు బాషా.

తొమ్మిదిన్నరకు కాణిపాకం చేరేసరికి డబ్బా మీటర్లో సగానికి పైగా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కొత్త బ్యాటరీ కదా, వాహన పూజ చేయిద్దామన్నది నేనే. పూజారి బోర్డు చుట్టూ తిరిగి, దండ ఎక్కడ వేయాలని అడిగాడు. హ్యాండిలు లేదు, అద్దం లేదు. అసలు మోసేది ఇదే స్వామీ అని డబ్బా చూపించాను. పాపం, తడి పసుపు ధారాళంగా పూసి, మీద నీళ్లు చల్లాడు. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. బోర్డు కదల్లేదు. చక్రాలు చిన్నవి, కాయలు పెద్దవి అనుకుని కాయలు తీసేశాం. అయినా కదల్లేదు. మీటరు కూడా వెలగలేదు. పసుపునీళ్లు డబ్బా ప్లగ్గులోకి దిగాయి.

అమ్మాయి ఫోను తీసింది. "కొనేవాణ్ణి సాయంత్రమే రమ్మంటామ్మా."

"ఒక గంట ఆగవే. తప్పు డబ్బాది కాదు, నాది."

ఈ మాట నా నోట వినడం దానికి కొత్త. ఫోను లోపల పెట్టింది.

ఫ్యాన్సీ అంగట్లో దూదిపుల్లలు కొని ప్లగ్గంతా తుడిచాను. డబ్బాను ఆటో టాపు మీద ఎండలో పెట్టి, ప్రసాదం పులిహోర తింటూ కాపలా కాశాం.

"నా ఆటో కొన్నప్పుడు అద్దానికి పెట్టినారు బొట్టు. బ్యాటరీకి యాడన్నా పెడతారా అక్కా?" అన్నాడు బాషా. ఇంకాస్త పులిహోర అతని చేతిలో పెట్టాను.

పదకొండుంబావుకు మళ్లీ తగిలించాం. మీటరు దీపాలు మళ్లీ వెలిగాయి. సెల్లులకేమీ కాలేదు, తడి తగలగానే లోపలి రక్షణ సర్క్యూటు కరెంటు ఆపేసిందంతే. పన్నెండు దాటేసరికి చిత్తూరు బస్టాండులో ఉన్నాం, ఇంకా రెండు దీపాలు మిగిలాయి. తిరుగు బస్సులో అమ్మాయి కొనేవాడికి ఫోన్ చేసి రావద్దంది. అతను గట్టిగా గొణిగినట్టున్నాడు, ఇది నవ్వుతూనే ఉంది.

ఈ దారిలో మీరూ పోదామనుకుంటే పొద్దున్నే బయల్దేరండి. రోడ్డు బాగుంది, మనుషులు ఇంకా బాగున్నారు. పూజ చేయిస్తే డబ్బా విప్పి సంచిలో పెట్టుకోండి.

తిరుపతిలో దిగాక, ఆ మిగిలిన చార్జింగ్ ఎందాకా వస్తుందో చూస్తానని అమ్మాయి బోర్డు మీదే ఇంటికి బయల్దేరింది. నేను షేర్ ఆటో ఎక్కి, ప్రతి మలుపులో జనం కోసం ఆపుతున్నాడని డ్రైవరుతో పోట్లాడుతూ తిరుచానూరు చేరాను. ఇంటి తలుపు తీసే ఉంది. స్నానం చేసి, పెరుగన్నం ముందు కూర్చుని, ఇంత ఆలస్యమేమ్మా అనింది నా కూతురు.