దీపం అద్దానికి పసుపు

మా తాతకు భివండిలో వరసగా సాంచాల షెడ్లు, అంటే మరమగ్గాల షెడ్లు, ఉండేవి. నా చేతికి వచ్చేసరికి సాంచాలు పోయి ఒక్క షెడ్డు మిగిలింది. అందులో గుడ్డకు పూత వేసే మిషన్ పెట్టాను.

రెండు రకాల ప్లాస్టిక్ ద్రావణాలు కలిపి గుడ్డకు పూసి, అతినీలలోహిత దీపం కిందికి పంపుతాం. గట్టిపడటం మొదలుకాగానే ఆ రెండూ విడిపోవాలని చూస్తాయి. వెలుగు తీవ్రంగా ఉంటే విడిపోయే లోపే బిగుసుకుని పూత గాజులా తేరుతుంది. వెలుగు తగ్గితే వాటికి వ్యవధి దొరుకుతుంది, పూత పాలలా తెల్లబడుతుంది.

దసరా మర్నాడు ధామన్కర్ నాకా కూడలిలోని గుడ్డల వ్యాపారి నమూనా చూడటానికి వస్తానన్నాడు. నచ్చితే షెడ్డు నిలుస్తుంది. నచ్చకపోతే గోదాముకు అమ్మేద్దామని తమ్ముడికి మాటిచ్చాను.

ఆ ఉదయం గుడ్డ పొడవునా తెల్లటి చారలతో బయటికి వచ్చింది. తమ్ముడు మిషన్ నడిపే ముసలాయన మీదికి వెళ్ళాడు. ఆయన సిరిసిల్ల వైపువాడు, మా నాన్న కాలం మనిషి.

"గిదేంది, గుడ్డకు నామాలు పెట్టినవ?"

"పండుగకు సాంచాలకు పెట్టినట్టే దీపం అద్దానికి పసుపు పెట్టిన, చిన్న సేటూ. అదిగుడ మనకు బువ్వ పెట్టేదే గద."

తమ్ముడు ఇనుపరాడ్ తీసి ఆయన భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. నేను అడ్డం వెళ్ళాను. రెండో దెబ్బకు నా నుదురు చీలింది.

"పసుపు వెలుగును మింగింది, అంతే. తడిగుడ్డతో తుడిస్తే పోతది, ఆగు," అన్నాను.

"ఇన్నేండ్ల సంది ఆగుడే అయింది అన్నా. తాత షెడ్లన్నీ గట్లనే పోయినయ్."

తమ్ముడి రాడ్ ఈసారి దీపం మీద పడింది. గాజు మా ముగ్గురి మీదా చిందింది. అలాంటి దీపం మళ్ళీ తెప్పించే స్థోమత మాకు లేదు. కళ్ళలోకి కారుతున్న నెత్తురు తుడుచుకుని రాడ్ లాక్కున్నాను. తమ్ముడి కుడి మణికట్టు వంగిపోయేదాకా కొట్టాను. ముసలాయన నేల మీద నుంచే, "వద్దు సేటూ, తోడబుట్టినోడు," అంటున్నాడు.

అప్పుడే వచ్చిన వ్యాపారి గుమ్మంలో విప్పిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని వెళ్ళిపోయాడు.

షెడ్డు అమ్మకం సంతకాల రోజు తమ్ముడు కట్టుతో వచ్చి ఎడమచేతి వేలిముద్ర వేశాడు. షెడ్డు కొంటున్న గోదాము మనిషి నా వైపు కుర్చీ జరిపాడు.

"కూసో అన్నా," అన్నాడు తమ్ముడు.

నేను నిలబడే సంతకం పెట్టాను.