విన్నది చెప్పమన్న లోవలక్ష్మి

ఉప్పాడలో చేపలమ్మే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, బేరంలో లోవలక్ష్మిని నెగ్గినవాళ్లను నేను చూడలేదు. భర్త పోతురాజు వేటకెళ్లి తెచ్చిన చేపలను తట్టకెత్తుకుని, షేర్ ఆటోలో పిఠాపురం వెళ్లి, వీధి వీధీ తిరిగి అమ్మేది. ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆవిడ నోటి నుంచే రావాలి. "సముద్రం నాది, ఒడ్డు దానిది" అని పోతురాజు నవ్వేవాడు.

ఒకరోజు పొద్దున్న ఆమె పిఠాపురం మొదట్లో ఆటో దిగి, తట్ట కింద పెట్టి, తలమీద గుడ్డ చుట్టుకుంటోంది. నిలబడింది రోడ్డు మీద కూడా కాదు, పక్కనున్న మట్టి మీద. అప్పుడే ఒక సరుకుల వ్యాను పక్కకి ఒరిగి వచ్చి గుద్దేసింది. చేపలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఆమె కుడికాలు మోకాలి కింద విరిగిపోయింది. స్పృహ మాత్రం తప్పలేదు. డ్రైవరు సుధాకర్ కిందకి దూకాడు. అతని చేతిలోని ఫోన్లోంచి ఎవరో "ఏమైందిరా? ఏంటా చప్పుడు?" అని కంగారుగా అడుగుతున్నారు. ఆ గొంతు ఆమె చెవిలో ఉండిపోయింది.

కాకినాడ పెద్దాసుపత్రిలో కాలికి రాడ్డు వేశారు. ఇంకా మంచం దిగకముందే వ్యాను యజమాని మనుషులు పళ్లు పట్టుకుని వచ్చారు.

"కేసులెందుకమ్మా? ఖర్చులు మేం చూసుకుంటాం. రాజీ అని ఇక్కడ వేలిముద్ర వెయ్యి చాలు."

"నాకు సంతకం వచ్చండి. కానీ పెట్టను" అంది లోవలక్ష్మి.

వాళ్లు వెళ్లాక పోతురాజు తల పట్టుకున్నాడు. "మనకి లాయర్లెవరు తెలుసే?"

ఆ ప్రశ్నకి జవాబు నర్సు చెప్పింది. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉందని, ఆడవాళ్లకు అక్కడ ఫీజు లేకుండా లాయరును పెడతారని. అలా సుప్రియ వచ్చింది. వయసులో చిన్నదే గానీ, ఎదుటి మనిషి చెప్పేదంతా చెప్పేవరకూ ఆగి వినే పిల్ల. ఎఫ్ఐఆర్ కాపీ, డాక్టరు కాగితాలు తెప్పించి, ప్రమాద పరిహారాల ట్రిబ్యునల్లో కేసు వేసింది.

ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు మాత్రం లోవలక్ష్మే హఠాత్తుగా రోడ్డుకి అడ్డం వచ్చిందన్నాడు. ఫోను సంగతి ఎత్తితే, అది పక్కన కూర్చున్న క్లీనరు చేతిలో ఉందని, తను ముట్టుకోలేదని సుధాకర్ చెప్పాడు. ఆ క్లీనరు పని మానేసి ఎటో వెళ్లిపోయాడు. సుప్రియ కోర్టు ద్వారా కాల్ వివరాలు తెప్పించింది. గుద్దిన సమయానికి అవతల ఫోన్లో ఉన్నది పిఠాపురంలో నూనెలు, పప్పుల హోల్‌సేల్ వ్యాపారి గున్నేశ్వరరావు అని తేలింది. కానీ ఇవతల మాట్లాడింది ఎవరో కాగితం చెప్పదు కదా!

"సమన్లు పంపితే ఆయనొస్తారు. కానీ 'గుర్తులేదు' అనేస్తే కష్టం లక్ష్మిగారూ" అంది సుప్రియ.

"నేను వెళ్లి అడగొచ్చా మేడం?"

"అడగండి. ఏం చెప్పాలో మాత్రం నేర్పకండి. నిజం చెప్పమనండి, అంతే."

చేతికర్ర పట్టుకుని లోవలక్ష్మి ఆ కొట్టు మెట్లెక్కింది. గున్నేశ్వరరావు కూర్చోమని స్టూలు వేయించాడు గానీ, సంగతి వినగానే ముఖం తిప్పుకున్నాడు.

"నేనేం చూశానమ్మా? కొట్లో ఉన్నాను."

ఆ గొంతు వినగానే ఆమె గుర్తుపట్టింది. రోడ్డు మీద పడి ఉండగా విన్న గొంతే అది.

"చూసింది చెప్పమనట్లేదు షావుకారుగారూ. విన్నది చెప్పండి."

"రోజూ వాళ్ల వ్యాన్లోనే నాకు సరుకొస్తుంది. వాళ్లతో తగువు పెట్టుకోమంటావా?"

కొట్టు వెనకే ఇల్లు. ఆయన భార్య బుజ్జమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఆవేళ ముద్ద నోట్లో పెట్టలేకపోయారు. 'ఎక్కడున్నావు, ఎక్కడున్నావు అని నేనే వాణ్ణి తొందరపెట్టాను' అని ఎన్నిసార్లన్నారు నాతో! ఆ మాట ఈవిడకి చెప్పలేరా?"

ఆయన ముందున్న లెక్కల పుస్తకం మూసేశాడు. లేచి, "వస్తానమ్మా" అన్నాడు.

వచ్చాడు కూడా. బోనులో నిలబడి, సుధాకర్‌తో మాట్లాడుతుండగా పెద్ద చప్పుడు, ఒక ఆడమనిషి కేక వినిపించాయని చెప్పాడు.

"ఫోన్లో ఉన్నది సుధాకరేనని ఎలా చెప్పగలరు?" అని ఇన్సూరెన్స్ లాయరు నిలదీశాడు.

"ఏళ్ల తరబడి వింటున్న గొంతండి. 'స్టీరింగ్ పట్టుకున్నాను, తర్వాత చేస్తాను బాబూ' అన్నాడు. నేనే వినలేదు. ఆ వెంటనే చప్పుడు. 'మనిషికి తగిలేసింది' అని వాడే చెప్పి పెట్టేశాడు."

సుధాకర్ తలెత్తలేదు.

తప్పు పూర్తిగా డ్రైవరుదేనని, పరిహారం ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాలని తీర్పు వచ్చింది. వరండాలో సుధాకర్ ఎదురుపడి, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. లోవలక్ష్మి అతన్ని తిట్టలేదు. "మళ్లీ బండెక్కితే ఫోను ఆపేసి ఎక్కు" అని కర్ర ఊనుకుంటూ ముందుకెళ్లింది.

తట్ట నెత్తికెత్తుకునే రోజులు పోయాయి. పరిహారంతో పిఠాపురం మార్కెట్లో కూర్చుని అమ్ముకునే చోటు సంపాదించింది. తర్వాత సుప్రియ చెప్పగా, న్యాయ సేవాధికార సంస్థలో శిక్షణ తీసుకుని వాలంటీరయింది. ఇప్పుడు బేరం ముగిశాక వీలైనప్పుడల్లా కాకినాడ ఆసుపత్రికి వెళ్తుంది. బండ్లు గుద్ది పడినవాళ్ల మంచాల దగ్గర కూర్చుని, దేనిమీదా తొందరపడి సంతకం చెయ్యొద్దని, ఎఫ్ఐఆర్ కాపీ అడిగి తీసుకోమని చెబుతుంది.

మొన్నీమధ్య ఒక ఇల్లాలు ఏడుస్తూ కూర్చుంది. ఆమె భర్త సైకిలు మీద వెళ్తుంటే, ఫోన్లో వీడియో చూస్తూ కారు నడిపినవాడు గుద్దేశాడు. లోవలక్ష్మి అంతా విని, ఏయే కాగితాలు కావాలో చెప్పింది.

ఆ ఇల్లాలు కళ్లు తుడుచుకుని, "మీరు లాయరాండి?" అని అడిగింది.

"కాదమ్మా, చేపలమ్ముతాను. రేపు నిన్ను లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను. ముందు లేచి కాస్త టీ తాగు."