అందమైన ‘వద్దు’

నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ ఊళ్ళో గెర్బెన్ పొద్దున్నే తన వీధిలో నడుస్తుంటే చేదు మాత్ర మింగినవాడిలా కనిపిస్తాడు. తలుపుల మీద వంకరటింకరగా అంటించిన ‘ప్రకటనలు వద్దు’ చీటీలను, వాటి మీది బండ అక్షరాలను చూస్తే అతనికి డోకొస్తుంది. ఒకప్పుడు సైకిలు మీద ఇంటింటికీ కరపత్రాలు పంచినవాడు, బొమ్మలూ అక్షరాలూ గీయడం సొంతంగా నేర్చుకుని, ఇప్పుడు ఊళ్ళో సగం దుకాణాలకు తానే కరపత్రాలు తయారుచేస్తున్నాడు. చీటీ ఉన్న ఇంట్లో కరపత్రాలు వేయకూడదని అక్కడి నియమం. చీటీలు పెరిగిన కొద్దీ అతని కూటికి గండి.

మొన్న పక్కింటి టీనెకె అతనికి కాఫీ ఇచ్చి, ఒక్క బిస్కత్తు పెట్టి, డబ్బా మూసేసి అడిగింది. “నా తలుపు మీది చీటీ వెలిసిపోయిందయ్యా. అంగట్లోవి చూడలేకున్నా. నువ్వొకటి చేసిపెట్టకూడదూ?”

“నా కడుపు మీద నన్నే కొట్టుకోమంటారా?”

“చేతకాదంటే చెప్పు, అంగడిదే అంటించుకుంటా.”

ఆ మాట తగిలింది. ఆదివారమంతా కూర్చుని, ముదురు నీలం మీద తెల్లటి గుండ్రటి అక్షరాలతో చేసిచ్చాడు. వారం తిరిగేసరికి వీధి వీధంతా అదే కావాలంది. అంతవరకు చీటీయే లేని ఇళ్ళవాళ్ళు కూడా అందం కోసం అడిగారు.

“ఈ శ్రద్ధ ఆ కరపత్రాల మీద పెట్టుంటే చదివేవాళ్ళం కదయ్యా,” అంది టీనెకె.

గెర్బెన్ తన మీద తనకే కంపరమెత్తుతుండగా, ఇంకా ఎన్ని కావాలో అడిగాడు.