‘నిల్’ అని రాసిన టీచరు

కోపంతో ఉన్నప్పుడు డైరీ రాయకూడదని నేను పెట్టుకున్న నియమం నలభై ఏళ్లు సాగింది. మొయినాబాద్ శిక్షణ రోజున తప్పింది. ఆ పేజీలో కలం ఎంత నొక్కి రాశానంటే, అక్షరాలు అవతలి పేజీలోనూ తెలుస్తాయి.

వాతావరణ మార్పు మీద ఉపాధ్యాయులకు ఒకరోజు శిక్షణ అది. రిటైరైన సైన్సు మాస్టారినని జవాబు పత్రాలు దిద్దడానికి నన్ను పిలిచారు. చేవెళ్ల నుంచి నన్ను కారులో తీసుకువెళ్లిన హెడ్మాస్టర్ ఒకప్పుడు నా విద్యార్థి. మేము చేరేసరికే ఆవరణలో కార్లు పట్టక రెండింటిని రోడ్డు మీద నిలిపారు.

మొదటి భాగంలో అందరూ మెరికలే. ఏ వాయువు భూమిని వేడెక్కిస్తుందో, ఏది ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కరూ తప్పు రాయలేదు. రెండో భాగంలో ఒకటే ప్రశ్న: మీరు స్వయంగా ఏం చేస్తున్నారు? ‘మొక్కలు నాటుతాను, పిల్లలకు అవగాహణ కల్పిస్తాను.’ వరసగా అన్ని కాగితాల్లో అదే వాక్యం, అదే తప్పు ‘ణ’. పిల్లలు ఇలా చూచిరాత రాస్తే బెంచీ ఎక్కించేవాళ్లం.

ఒక్క కాగితంలో మాత్రం ‘నిల్’ అని ఉంది. రాయనిదానికి మార్కు వేయకూడదు కనుక సున్నా వేశాను. భోజనాల దగ్గర అది రాసినామెను వెతికి అడిగాను. నన్ను తీసుకొచ్చిన హెడ్మాస్టర్ బడిలోనే లెక్కల టీచరు.

“ఏం చేస్తలేరా అమ్మా?”

“చెట్లు పెట్టలేదు సార్. కిరాయి ఇల్లు, జాగ లేదు. అబద్ధం ఎట్ల రాయాలె?”

“బడికి ఎట్ల వస్తరు?”

“మెహిదీపట్నంల బస్సెక్కుత.”

“మరి అదే రాయకపోయిన్రా?”

“అదేం ఘనకార్యం సార్, కారు లేక బస్సెక్కుడు?”

పక్కనే పళ్లెం పట్టుకున్న హెడ్మాస్టర్ నవ్వాడు. “మేడమ్‌కు ఫ్రీ బస్సు సార్, ఎందుకు దిగుతది? గాలి బాగుపడ్తదేమో గని, మా ప్రార్థనకు మాత్రం అందదు.”

ఆమె నవ్వలేదు. ఆమె ఎక్కే బస్సు బడి గంట కొట్టాక ఏడెనిమిది నిమిషాలకు వస్తుందట. దాని ముందు బస్సు మరీ పొద్దున్నే ఉందట, అప్పటికి ఇంట్లో పసిబిడ్డను చూసేవాళ్లు ఉండరట. ఆలస్యానికి ఇప్పటికే రెండు మెమోలు వచ్చాయి. “మూడోది పడితే సర్వీసు బుక్కుల ఎక్కుతది సార్,” అంది మెల్లగా.

వచ్చిన ముప్ఫై మందిలో, శిక్షణలో చెప్పినదాన్ని రోజూ చేస్తున్నది ఈమె ఒక్కతే. ఆ సంగతి ఆమెకే తెలియదు. తెలిసిన వాళ్లు ఆమెను వెక్కిరిస్తున్నారు. సున్నా వేసిన చెయ్యి నాది.

తిరుగు దారిలో హెడ్మాస్టర్‌ను నిలదీశాను. “మెమోలు ఇచ్చేది నువ్వే గదా. ఆమెకు మొదటి పీరియడ్ తీసెయ్యి. ప్రార్థనల ఒక్క టీచరు తక్కువైతే ఏమైతది?”

“ఒక్కరి కోసం రూలు మారుస్తమా సార్? రేపు ఇంకొకరు ట్రాఫిక్ అంటరు,” అన్నాడు ఏసీ పెంచుతూ.

చెప్పింది చాలలేదని వారం కూర్చుని అతనికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఆలూరు దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి ఆటోలో బడికి చేరాను. గేటు లోపల లెక్కల టీచరు కొత్త స్కూటీకి స్టాండు వేస్తోంది. హ్యాండిల్‌కు కట్టిన పసుపు దారం ఇంకా మాసిపోలేదు.

“ఇగ లేటు కాను సార్,” అంది. ముఖంలో సంతోషం లేదు, నిశ్చింత ఉంది. మెహిదీపట్నం నుంచి హైవే మీద లారీల మధ్య రానూపోనూ ఆమె ప్రయాణం తలుచుకుంటే నాకు ఆ నిశ్చింత కూడా లేకపోయింది.

హెడ్మాస్టర్ ఎదురొచ్చాడు. “చూసిన్రా సార్? ఇగ మెమో ఫికర్ లేదు. సమస్య తీరింది.”

“మొన్న శిక్షణల ఏం నేర్చుకున్నం మరి?”

“అది సైన్సు వాళ్లది గదా సార్. ఇది అటెండెన్స్.”

ఉత్తరం అతని టేబుల్ మీద పెట్టాను. కారులో దింపుతానన్నాడు. వద్దని బయటికి వచ్చాను.