గల్లీ బావి పూడిక

హైదరాబాదు ఛత్రినాకలో మా గల్లీకంతటికీ ఒకటే బావి. వానలు పడకముందే దాని పూడిక తీసేవాళ్లు. ఇంటికొక మగమనిషి స్వయంగా దిగాలి, కూలిమనిషిని పంపితే చెల్లదు. ఆ పూట మా నానమ్మ అందరికీ మజ్జిగ పోసేది. మాకు బర్రెలుండేవి.

ఒకప్పుడు బండి మీద సున్నం తోలిన మా ఎదురింటాయన, పంతొమ్మిది వందల యాభైలలో రోడ్ల గుత్తేదారయ్యాడు. మేడ లేచింది, పెరట్లో చేతిపంపు పడింది. ఆ ఏడు పూడికకు తను రాకుండా కూలివాణ్ణి పంపాడు. మిగతావాళ్లకు రోషమొచ్చింది.

"ఆయన రాకుంటే మేమెందుకు దిగాలె?" అన్నారు.

మరుసటి ఏడు ఒక్కరూ దిగలేదు. నీళ్లు వాసన కొట్టాయి. బర్రెలు మూతి తిప్పుకున్నాయి. వాటికున్న బుద్ధి లేక మేం తాగాం. మా చెల్లెలు వాంతులతో మంచం పట్టింది. ఆ మేడను చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

అంతలో ఎలక్షన్లొచ్చాయి. గుత్తేదారు నిలబడ్డాడు. మెడలో దండతో మా ఇంటికొచ్చి నానమ్మకు దండం పెట్టాడు.

"అమ్మా, నీ ఓటు నాకే ఎయ్యాలె."

"నాదొక్కటే ఓటు బిడ్డా. నీకెన్నున్నయి?"

"నాకూ ఒక్కటేనమ్మా."

"గంత మేడున్నా ఒక్కటేనా?" నానమ్మ ముఖం వెలిగిపోయింది. లోపలికి పోయి చేదతాడు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "గట్లయితే రేపు అందరితోని బాయిల దిగు. ఓటు సంగతి తర్వాత జూద్దాం."

దిగాడు. ధోతి ఎగ్గట్టి, నడుములోతు బురదలో. ఆయన్ని చూసి గల్లీ అంతా దిగింది. సున్నం తోలిన చేతులు కదా, పని మరచిపోలేదు. మజ్జిగ తాగుతూ, "గింత సల్లగ తాగి ఎన్నేండ్లాయెనమ్మా" అన్నాడు. మనసులోంచే అన్నాడని ఇప్పటికీ నమ్ముతాను. నీళ్లు తేటబడ్డాయి, చెల్లెలు లేచి తిరిగింది. మా ఇంట్లో పండుగలా ఉండింది.

ఆయన గెలిచాడు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, మరుసటి ఏడు మళ్లీ కూలివాణ్ణే పంపాడు. ఈసారి మాత్రం ఆయన్ని చూసి ఎవరూ ఆగలేదు, అందరూ దిగారు. నానమ్మ ఆ కూలివాడికీ కడుపునిండా మజ్జిగ పోసింది.

"మళ్ల ఓట్లొస్తయి గదా, ఫికర్ లేదని మీ సేటుకు చెప్పు" అంది.

ఆ సాయంత్రం చేదతాడును లోపల పెట్టలేదు. ఎదురు మేడ మీదికి కనపడేటట్టు మా వాకిట్లో మేకుకు తగిలించింది.