కుట్టుమిషను మీద కెమెరా

పుత్తూరులో మా మేనమామ పోయాడని మొన్న పక్కింటికి ఫోన్ వచ్చింది. దేవుడి ముందు దీపం పెట్టి వచ్చి ఇది రాస్తున్నాను. పోయినవాళ్లను మంచిగానే తలచుకోవాలంటారు. లేని మంచిని నేను తేలేను.

ఆయనకు గొప్ప ఫోటోగ్రాఫరని పేరు. ఆ పేరు ఆయనే పెట్టుకున్నాడు. అందరూ చిన్న కెమెరాలకు మారినా, తల మీద నల్లగుడ్డ కప్పుకుని చూసే ఆ పెద్ద చెక్క కెమెరాను వదల్లేదు. దాని స్టాండును మాత్రం వానలో మరిచిపోయి పాడుచేశాడు. కొత్తది చేయించే బుద్ధి పుట్టలేదు. ఎవరింటికి వెళ్తే ఆ ఇంటి సామానే స్టాండు. “కెమెరాకు వేరే కాళ్లెందుకు? మీ ఇంట్లో అన్నిటికీ కాళ్లుండాయి గదా,” అనేవాడు. చెల్లెళ్లు చదువుకునే బల్ల, బియ్యం డబ్బా, చివరికి నా పూజ పీట కూడా దాన్ని మోశాయి. అడిగి తీసుకోవడం ఆయన ఎరగడు. ఆయన వస్తే కూర్చునేదానికి పీట మిగలదని నాయన విసుక్కునేవాడు.

అమ్మను ఇంక ఇంటికి తీసుకుపొమ్మని చిత్తూరు డాక్టరు చెప్పాకే, ఆమె ఫోటో ఒక్కటీ ఇంట్లో లేదని మాకు తెలిసింది. ఫ్లాష్ కెమెరా అతన్ని పిలుద్దామన్నాను. మామ వినలేదు. తన దగ్గర ఒక్క ఫోటోకు సరిపడే ఫిల్మే మిగిలిందని, అన్నీ దించాక తీరిగ్గా చెప్పాడు.

అమ్మ కుట్టుమిషను మీద ముక్కాలిపీట, దాని మీద కెమెరా పెట్టి, మొత్తాన్నీ అమ్మ చీరతోనే కట్టాడు. కింద పెడల్ ఊగితే కెమెరా కదులుతుందని నన్ను మిషను కిందికి దూరి పట్టుకోమన్నాడు. నలభై దాటినదాన్ని, దూరాను.

కెమెరా మూత తీసి మూడు లెక్కపెట్టేంత సేపు అమ్మ కదలకూడదు. అమ్మకు ఊపిరి తీసినప్పుడల్లా దగ్గు. మామ మూత మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అన్నం వడ్డించేదాకా ఆగలేని మనిషి, గంటకు పైగా అట్లాగే ఆగాడు.

చివరికి అమ్మే, “ఇంగ తియ్‌రా, ఎంతసేపని నిలబడతావు,” అంది.

“నీకు నెమ్మదించినప్పుడేక్కా. నాకేం పని లేదు.”

అది నిజమే. ఆయనకు ఎన్నడూ లేదు.

ఆ ఫోటోలో గోడ పక్కకు వాలి ఉంటుంది. ఆయన చేసింది ఏదీ తిన్నగా ఉండదు. అమ్మ మాత్రం కదలలేదు.

మూత మళ్లీ పెట్టేశాక నల్లగుడ్డ కింద ఎవరికీ పనుండదు. అది నాకూ తెలుసు. అయినా మామ అందులోకి తల దూర్చాడు, చాలాసేపు తీయలేదు. మిషను కింద ఉన్న నాకు ఆయన పాదాలే కనిపించాయి. వేళ్లు ముడుచుకుని, నేలను గట్టిగా పట్టుకుని ఉన్నాయి.